ఎత్తేదెవరు? తోసేదెవరు? - ఎగిరే యంత్రాల వంశవృక్షం

మన తెలుగులో ఓ చిక్కుంది. ఎగిరేది ఏదైనా మనకి విమానమే. రావణాసురుడి దగ్గరున్న పుష్పకం విమానమే, శంషాబాదులో దిగే ఎయిర్‌బస్సూ విమానమే. చివరికి ఎక్కడికీ కదలని తిరుమల గర్భగుడి బంగారు గోపురం కూడా ఆనందనిలయ విమానమే! కానీ హెలికాప్టర్ విమానమా అని ఎవరైనా అడిగితే మాత్రం కాస్త ఆలోచనలో పడతాం. పోనీ బెలూన్? గ్లైడర్? సంక్రాంతికి ఎగరేసే గాలిపటం?

ఇంగ్లీషువాళ్ళకి ఈ బాధ లేదు. వాళ్ళకి ఎయిర్‌ప్లేన్ వేరు, ఎయిర్‌క్రాఫ్ట్ వేరు. మన భాషలో చెప్పాలంటే ఎయిర్‌క్రాఫ్ట్ అనేది బేస్ క్లాసు, ఎయిర్‌ప్లేన్ దాన్నుంచి పుట్టిన పిల్ల క్లాసుల్లో ఒకటి. మన దేశంలో 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం కూడా ఇలాగే చెప్పింది. గాలి ఇచ్చే ప్రతిచర్యతో వాతావరణంలో నిలబడగలిగే యంత్రం ఏదైనా ఎయిర్‌క్రాఫ్టే, కాకపోతే ఆ ప్రతిచర్య నేలకి కొట్టుకుని వచ్చింది అయ్యుండకూడదు (అంటే హోవర్‌క్రాఫ్ట్ ఔట్ అన్నమాట). ఆ వెంటనే బెలూన్లు, ఎయిర్‌షిప్పులు, గాలిపటాలు, గ్లైడర్లు కూడా ఇందులోకే వస్తాయని రాశారు. అవును, గాలిపటాలు కూడా! ఆ లెక్కన పాతబస్తీ మేడల మీద పతంగులు ఎగరేసిన ప్రతి పిల్లాడూ చట్టం దృష్టిలో ఎయిర్‌క్రాఫ్టు నడిపినవాడే. 2025 జనవరి 1 నుంచి ఆ చట్టం పోయి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. చట్టం పేరులో కూడా 'విమానం' అనకుండా 'వాయుయానం' అన్నారు చూడండి, వాళ్ళకీ మన చిక్కే వచ్చుంటుంది.

సరే, ఇంతకీ ఈ యంత్రాలన్నిటినీ ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసేది ఏమిటి? సైజు కాదు, సీట్ల సంఖ్య కాదు. రెండే రెండు ప్రశ్నలు. దీన్ని పైకి ఎత్తుతున్నదెవరు? ముందుకి తోస్తున్నదెవరు?

వినడానికి ఎల్‌కేజీ ప్రశ్నల్లా ఉన్నాయి కదా. కానీ ఈ రెండూ రెండు వేర్వేరు ప్రశ్నలు అని తెలుసుకోడానికి మనిషికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది. అది తెలిసిన తర్వాతే విమానం పుట్టింది. ఆ తర్వాత ఆ రెండు పనుల్నీ మళ్ళీ కలపబోయిన ప్రతిసారీ ఏదో ఒక మూల్యం చెల్లించాల్సొచ్చింది, కొన్నిసార్లు ప్రాణాలతో. ఈ టపా ఆ కథ గురించే.

ముందు కాస్త ఫిజిక్సు

భయపడకండి, ఇంటర్ ఫస్టియర్ దాటదు. ఎగిరే దేనిమీదైనా నాలుగు బలాలు పనిచేస్తాయి. బరువు కిందికి లాగుతుంది, లిఫ్ట్ పైకి ఎత్తుతుంది. థ్రస్ట్ ముందుకి తోస్తుంది, డ్రాగ్ (గాలి అడ్డు) వెనక్కి లాగుతుంది.

లిఫ్ట్ సంపాదించడానికి మనకి తెలిసిన దారులు మూడు. ఒకటి, గాలికంటే తేలికైనదాన్ని సంచిలో నింపి తేలడం. రెండు, గాల్లో రెక్కని కదిలించి గాలిని కిందికి వంచడం. ఈ రెక్క తిన్నగా పోవచ్చు, గుండ్రంగా తిరగొచ్చు, పక్షిలా కొట్టుకోవచ్చు. మూడు, ఇంజను గాలిని నేరుగా నేలకేసి చిమ్మడం. థ్రస్టుకీ ఇలాగే రకరకాల దారులున్నాయి: ప్రొపెల్లర్, జెట్, లేదంటే ఏమీ లేకుండా గురుత్వాకర్షణనే వాడుకుని ఏటవాలుగా జారడం.

గాలిపటాన్ని చూడండి. దాన్ని ఎత్తుతున్నది గాలి. మరి తోస్తున్నదెవరు? దారం! ఎదురుగాలి వెనక్కి నెట్టేస్తుంటే మీ చేతిలో ఉన్న మాంజా దాన్ని కదలకుండా పట్టి ఉంచుతోంది. విమానంలో ఇంజను చేసే పని ఇక్కడ దారం చేస్తోంది. పేచీలో దారం తెగిందా, థ్రస్ట్ పోయినట్టే. ఇక పతంగి గాలివాటుగా పోతూ కిందికి దిగుతుంది, పిల్లలు కర్రలు పట్టుకుని వెంటపడతారు.

ఎత్తేవాడు దొరికాడు, తోసేవాడు లేడు

చరిత్రలో మొదట దొరికింది ఎత్తేవాడే. ఫ్రాన్సులో కాగితం మిల్లు నడుపుకునే మాంట్‌గోల్ఫియర్ సోదరులు 1783లో వేడిగాలి బెలూన్ కనిపెట్టారు. సెప్టెంబర్ 19న వెర్సాయ్‌లో రాజుగారి ముందు ఓ గొర్రె, ఓ బాతు, ఓ కోడిపుంజు ఎగిరాయి. నవంబర్ 21న పిలాత్ర్ ద రోజియే, మార్క్విస్ దర్లాంద్ అనే ఇద్దరు మనుషులు పారిస్ మీద ఓ 25 నిమిషాలు తేలారు. పదిరోజులు తిరక్కుండానే డిసెంబర్ 1న జాక్ చార్లెస్ హైడ్రోజన్ బెలూన్‌లో ఎగిరాడు (ఇంటర్‌లో చదివిన చార్లెస్ నియమం ఈయనదే). ఒక్క ఏడాదిలో లిఫ్ట్ సమస్య తీరిపోయింది!

కానీ ఎటు వెళ్ళాలో మాత్రం గాలే చెప్పాలి. 1785 జనవరి 7న బ్లాంషార్, జెఫ్రీస్ అనే ఇద్దరు బెలూన్‌లో ఇంగ్లిష్ చానల్ దాటారు. గాల్లో పడవలా నడుపుకోవచ్చని తెడ్లు కూడా తీసుకెళ్ళారు. అవి ఎందుకూ పనికి రాలేదు. మధ్యదారిలో బెలూన్ కిందికి దిగిపోతుంటే బరువు తగ్గించుకోడానికి ఆ తెడ్లతో సహా ఒక్కొక్కటీ సముద్రంలో పారేశారు. చివరికి ఒంటిమీది కోట్లూ ప్యాంట్లూ కూడా! అలా ఆ చలికాలంలో లోదుస్తులతో ఫ్రాన్సులో దిగారు.

అదే ఏడాది జూన్ 15న రోజియే అటువైపు నుంచి ఇంగ్లండ్ వెళ్దామని బయల్దేరాడు. పైన హైడ్రోజన్ సంచి, దాని కింద నిప్పుతో నడిచే వేడిగాలి సంచి. రెండు రకాల లిఫ్టుల్ని ఒకే యంత్రంలో కలిపాడన్నమాట. అది కూలిపోయి అతనూ, తోటి ప్రయాణికుడూ చనిపోయారు. గాల్లోకి లేచిన మొదటి మనిషే విమాన ప్రమాదాల్లో పోయిన తొలి మనుషుల్లో ఒకడయ్యాడు. రెండు జాతుల్ని కలిపి సంకరం చేయబోతే ఏమవుతుందో చరిత్ర అప్పుడే ఓ హెచ్చరిక ఇచ్చింది.

బెలూన్‌కి థ్రస్ట్ తగిలించడానికి మరో డెబ్బై ఏళ్ళ దాకా పట్టింది. 1852లో జిఫార్ అనే ఫ్రెంచి ఇంజనీరు 3 హార్స్‌పవర్ల ఆవిరి ఇంజను పెట్టి పారిస్ నుంచి 27 కిలోమీటర్లు వెళ్ళాడు. పైన హైడ్రోజన్ ఉంది కాబట్టి పొగగొట్టాన్ని కిందికి తిప్పి పెట్టాడు పాపం. వెళ్ళగలిగాడు గానీ ఎదురుగాలికి వెనక్కి రాలేకపోయాడు. బయల్దేరిన చోటికే తిరిగొచ్చిన మొదటి ఎయిర్‌షిప్పు 1884 ఆగస్ట్ 9న ఎగిరిన 'లా ఫ్రాన్స్'. 23 నిమిషాలు, 8 కిలోమీటర్లు. అది నడిచింది దేంతోననుకున్నారు? బ్యాటరీతో! ఎలక్ట్రిక్ విమానాలు కొత్తగా వచ్చాయనుకునేవాళ్ళు ఈ తేదీ రాసిపెట్టుకోండి.

ఆ తర్వాత జెప్పెలిన్లు వచ్చాయి, అట్లాంటిక్ దాటాయి, 1937 మే 6న హిండెన్‌బర్గ్ 36 మందిని బలితీసుకోవడంతో ఆ శకం ముగిసింది. ఆ కథ అందరికీ తెలిసిందే కాబట్టి ముందుకెళ్దాం.

పక్షిని కాపీ కొట్టడం

బెలూన్ కంటే ముందే మనిషి చూసిన ఎగిరే వస్తువు పక్షి. పక్షి రెక్క ఒక్క దెబ్బతో రెండు పనులూ చేస్తుంది: ఎత్తుతుంది, తోస్తుంది కూడా. కాబట్టి ఎగరాలంటే రెక్కలు కొట్టుకోవాలి అని అందరూ అనుకున్నారు. లియొనార్డో డావించీ గీసిన బొమ్మల్లో చాలావరకు ఇలాంటివే. ఈ జాతికి ఆర్నితాప్టర్ అని పేరు.

1680 ప్రాంతంలో బొరెల్లి అనే ఇటాలియన్ శాస్త్రవేత్త లెక్కలు వేసి, మనిషి కండరాల బలం ఒంటి బరువుతో పోలిస్తే పక్షికంటే చాలా తక్కువ, కాబట్టి మనిషి రెక్కలు కొట్టుకుని ఎగరలేడు అని తేల్చేశాడు. లెక్క కరెక్టే. కానీ అందులో ఒక ఊహ దాగుంది: ఎత్తడమూ తోయడమూ ఒకే రెక్కతో ఒకేసారి జరగాలని. ఆ ఊహని ప్రశ్నించడానికి ఇంకో వందేళ్ళకి పైగా పట్టింది.

వెండిబిళ్ళ మీద డిజైన్ డాక్యుమెంట్

1799లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో జార్జ్ కేలీ అనే 25 ఏళ్ళ జమీందారు ఓ చిన్న వెండిబిళ్ళ మీద రెండు బొమ్మలు చెక్కించాడు. ఆ బిళ్ళ లండన్ సైన్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఒకవైపు, ఏటవాలుగా ఉన్న రెక్క మీద పనిచేసే బలాన్ని లిఫ్ట్, డ్రాగ్ అని రెండు ముక్కలుగా విడదీసిన పటం. రెండోవైపు, ఒక ఎగిరే యంత్రం: కదలని రెక్క, కింద మనిషి కూర్చునే చోటు, వెనక తోక, తోయడానికి విడిగా తెడ్లు.

ఇదీ అసలు సంగతి. రెక్క పని ఎత్తడం, అంతే. అది కొట్టుకోనక్కర్లేదు. తోయడానికి వేరే పరికరం పెట్టుకో. దారి తిప్పడానికి తోక పెట్టుకో. మనం కాలేజీలో 'సెపరేషన్ ఆఫ్ కన్సర్న్స్' అని బట్టీపట్టిన సూత్రాన్ని ఈయన 1799లోనే వెండి మీద చెక్కించి పెట్టాడు!

ఇందులో ఉన్న లాభం ఎంతో ఒక లెక్క వేసి చూద్దాం. మనం ఎక్కే ఎయిర్‌బస్ 320 గాల్లో సుమారు 70 టన్నుల బరువుందనుకోండి. క్రూజ్‌లో దానికి కావలసిన థ్రస్ట్ రమారమి 4 టన్నులు మాత్రమే. అంటే ఇంజన్లు 4 టన్నులు ముందుకి తోస్తుంటే రెక్కలు 70 టన్నుల్ని మోస్తున్నాయి. ఒకటికి పదిహేడు రెట్లు! రెక్క అనేది ఒక గునపం లాంటిది. చిన్న బలంతో పెద్ద బండని కదిలించినట్టు, కొద్దిపాటి తోపుతో పెద్ద బరువుని ఎత్తిస్తుంది. కావలసిందల్లా ముందుకి కదులుతూ ఉండటమే.

కేలీ కాగితాల మీదే ఆగిపోలేదు. 1804లో ఓ గాలిపటాన్నే రెక్కగా కర్రకి బిగించి, వెనక తోక పెట్టి, దారం అక్కర్లేని గ్లైడర్ బొమ్మ చేసి ఎగరేశాడు. 1809-10లో తన లెక్కలన్నీ వ్యాసాలుగా ప్రచురించాడు. 1853లో, దాదాపు 80 ఏళ్ళ వయసులో, మనిషిని మోసే గ్లైడర్ చేసి తన గుర్రబ్బండి తోలేవాణ్ణి అందులో కూచోబెట్టి లోయ దాటించాడు. దిగాక ఆ బండివాడు, తనని పెట్టుకున్నది బండి తోలడానికే గానీ ఎగరడానికి కాదని ఉద్యోగం మానేశాడని చెప్పుకుంటారు. జాబ్ డిస్క్రిప్షన్‌లో లేని పని చేయించడం అప్పట్నుంచే ఉందన్నమాట :)

కేలీకి దొరకనిదల్లా ఇంజను. ఆవిరి ఇంజన్లు మరీ బరువు. తుపాకిమందుతో నడిచే ఇంజను కూడా ప్రయత్నించాడు, లాభం లేకపోయింది. డిజైన్ ఉంది, హార్డ్‌వేర్ లేదు.

బొరెల్లి లెక్క చివరికి ఏమైందో కూడా ఇక్కడే చెప్పేస్తా. 1979 జూన్ 12న బ్రయాన్ ఆలెన్ అనే సైక్లిస్టు కేవలం కాళ్ళ బలంతో ఇంగ్లిష్ చానల్ మీదుగా ఎగిరి ఫ్రాన్సులో దిగాడు. పాల్ మెక్‌క్రెడీ డిజైన్ చేసిన 'గోసమర్ ఆల్బట్రాస్'లో 2 గంటల 49 నిమిషాల ప్రయాణం. రెక్క కదల్లేదు. అతను తొక్కింది ప్రొపెల్లర్‌కి కట్టిన పెడల్. మనిషి కండరం అదే, పని విడగొట్టిన తీరు మారింది.

లిలియెంతాల్ నుంచి రైట్ సోదరుల దాకా

కేలీ చెప్పినా లోకం వెంటనే వినలేదు. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ 1891 నుంచి 1896 దాకా దాదాపు 2000 సార్లు గ్లైడర్లలో కొండ మీంచి జారి ఎగిరాడు. కదలని రెక్క ఎలా ఎత్తుతుందో ఆయనకంటే బాగా తెలిసినవాడు అప్పట్లో లేడు. కానీ ఇంజను పెట్టే సమయానికి ఏం చేశాడు? రెక్కల చివర్లు కొట్టుకునేలా చిన్న మోటారు బిగించాడు. పక్షి అంత తేలిగ్గా వదల్లేదు మరి! 1896 ఆగస్ట్ 9న మామూలు గ్లైడర్‌లో ఎగురుతుంటే రెక్క లిఫ్ట్ కోల్పోయి కిందపడి, మర్నాడు చనిపోయాడు.

రైట్ సోదరులు పనుల్ని పూర్తిగా విడగొట్టారు. ఎత్తడానికి రెక్క, తోయడానికి ప్రొపెల్లర్, అదుపు చెయ్యడానికి వంగే రెక్క చివర్లు, తోక. ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించారు. మొదట గాలిపటం, తర్వాత గ్లైడర్, 1901లో సొంత విండ్ టనెల్. ఇంజను చివర్న పెట్టారు. యూనిట్ టెస్టింగ్ అంటే అదీ.

ప్రొపెల్లర్ దగ్గర వాళ్ళకో గొప్ప ఆలోచన వచ్చింది. పడవ ప్రొపెల్లర్ల పుస్తకాలు వెతికితే పనికొచ్చేది దొరకలేదు. అప్పుడు, ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్కే కదా, రెక్క కోసం వేసిన లెక్కలే దీనికీ వాడదాం అనుకున్నారు. అంటే థ్రస్ట్ అనేది పక్కకి తిప్పిన లిఫ్టే! 1903 డిసెంబర్ 17న 12 హార్స్‌పవర్ల ఇంజను, సైకిల్ చైన్లతో తిరిగే రెండు ప్రొపెల్లర్లు, మొదటిసారి 12 సెకన్లు, 120 అడుగులు. మిగతాది చరిత్ర.

మళ్ళీ కలిపేద్దామా?

ఈ విడగొట్టిన డిజైన్‌లో ఒక లోపముంది. రెక్క ఎత్తాలంటే కదలాలి. ఆగితే పడిపోతుంది. అందుకే మైళ్ళకొద్దీ రన్‌వే కావాలి. ఉన్నచోటే లేవాలి, ఉన్నచోటే నిలబడాలి అంటే? యంత్రం కదలకుండా రెక్కని మాత్రమే కదిలించాలి. అంటే తిప్పాలి. అదే హెలికాప్టర్. రోటర్ ఎత్తుతుంది, కాస్త ముందుకి వంచితే అదే రోటర్ తోస్తుంది. పక్షిలాగే మళ్ళీ రెండు పనులూ ఒకడి నెత్తినే.

1907లో ఫ్రాన్సులో పాల్ కోర్నూ లాంటివాళ్ళు నేలనుంచి కొద్దిగా పైకి లేచారు. కానీ ముందుకెళ్ళబోతే వింత సమస్య వచ్చింది. ఉదాహరణకి రోటర్ కొస గంటకి 700 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందనుకోండి. హెలికాప్టర్ 200తో ముందుకి పోతే, ఎదురెళ్ళే బ్లేడుకి గాలి 900తో తగుల్తుంది, వెనక్కొచ్చే బ్లేడుకి 500తోనే. ఒకవైపు లిఫ్ట్ ఎక్కువ, ఇంకోవైపు తక్కువ. బండి బోర్లా పడుతుంది.

దీన్ని తీర్చినవాడు స్పెయిన్‌కి చెందిన యువాన్ ద లా సియెర్వా. 1919లో ఆయన డిజైన్ చేసిన పెద్ద విమానం నేలకి దగ్గరలో వేగం తగ్గి, స్టాలై కూలిపోయింది. వేగం తగ్గినా పడిపోని యంత్రం కావాలని పట్టుబట్టి 1923 జనవరిలో ఆటోజైరో ఎగరేశాడు. దీని వర్గీకరణ భలే ఉంటుంది: ఎత్తడానికి పైన రోటర్, తోయడానికి ముందు మామూలు ప్రొపెల్లర్. ఎగిరేటప్పుడు రోటర్‌కి ఇంజను కనెక్షన్ ఉండదు! ముందుకి పోతుంటే వచ్చే గాలికి జాతరలో కాగితం గిలక తిరిగినట్టు అదే తిరుగుతుంది. ఇక బ్లేడ్ల సమస్యకి ఆయన వాటి మొదట్లో మడతబందులు పెట్టాడు. లిఫ్ట్ ఎక్కువైన బ్లేడు పైకి లేస్తుంది, తక్కువైంది దిగుతుంది, లెక్క సరిపోతుంది.

1936 డిసెంబర్ 9న సియెర్వా లండన్ దగ్గర క్రాయిడన్‌లో చనిపోయాడు. ఎక్కింది తన ఆటోజైరో కాదు, ఓ మామూలు ప్యాసింజర్ విమానం. పొగమంచులో టేకాఫ్ అవుతూ కూలిపోయింది. రన్‌వే మీద వేగం అందుకోవాల్సిన అవసరం లేని యంత్రం కోసం జీవితం ధారపోసిన మనిషికి ఆ చావు రావడం విధి వైపరీత్యమే.

ఆయన మడతబందులే హెలికాప్టర్‌కి ప్రాణం పోశాయి. 1936లో జర్మనీలో ఫోకే, 1940 మేలో అమెరికాలో సికోర్‌స్కీ హెలికాప్టర్లని స్వేచ్ఛగా ఎగరేశారు. ఈ వంశానికి మనవైపు చుట్టరికం కూడా ఉంది. 2018 నుంచి బోయింగ్ అపాచీ హెలికాప్టర్ల బాడీలు హైదరాబాద్ దగ్గర ఆదిబట్లలో టాటాల ఫ్యాక్టరీలోనే తయారవుతున్నాయి. అక్కడి ఐటీ కాంపస్‌కి వెళ్ళే మనవాళ్ళలో ఎంతమందికి తెలుసో!

కానీ రెండు పనులూ ఒకడితో చేయించినందుకు హెలికాప్టర్ కట్టే పన్ను చాలా ఎక్కువ. ఒకటికి పదిహేడు లాభం లేదు, గాల్లో నిలబడితే బరువు మొత్తం ఇంజనే మోయాలి. వేగం పెంచితే వెనక్కొచ్చే బ్లేడు స్టాలవుతుంది. అందుకే 1986లో వెస్ట్‌ల్యాండ్ లింక్స్ పెట్టిన 400.87 కిలోమీటర్ల రికార్డు మామూలు హెలికాప్టర్లలో ఇప్పటికీ అలాగే ఉంది. అదే 40 ఏళ్ళలో మన కంప్యూటర్లు ఎంత మారాయో ఆలోచించండి.

మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్ కష్టాలు

లేచేటప్పుడు హెలికాప్టర్‌లా, పోయేటప్పుడు విమానంలా ఉంటే ఎంత బాగుంటుంది! ఈ కోరిక తీర్చడానికి ఇంజనీర్లు వెయ్యని వేషం లేదు.

బ్రిటన్ 1957లో ఫెయిరీ రోటోడైన్ ఎగరేసింది. రోటర్ కొసల్లో జెట్లతో లేచి, తర్వాత వాటిని ఆపేసి ఆటోజైరోలా పోయేది. బాగానే ఎగిరింది గానీ ఆ జెట్ల మోత ఊరి మధ్యలో ఎవరూ భరించలేరని ఓ బెంగ, డబ్బు, రాజకీయం అన్నీ కలిసి 1962లో దాన్ని మూలపడేశాయి.

తర్వాత హారియర్. దాని మూలరూపం 1960 అక్టోబర్‌లో మొదటిసారి గాల్లో నిలబడింది. ఒకే ఇంజను, నాలుగు తిరిగే నాజిళ్ళు. కిందికి తిప్పితే ఎత్తుతుంది, వెనక్కి తిప్పితే తోస్తుంది. మన నేవీ 1983 నుంచి 2016 మే దాకా సీ హారియర్లు నడిపింది. గాల్లో నిలబడినప్పుడు రెక్క మీద గాలి ఉండదు కాబట్టి ఫ్లాపులూ తోకా ఎందుకూ పనికిరావు. ముక్కు, తోక, రెక్కల కొసల్లో ఉన్న చిన్న చిన్న గాలి జెట్లతోనే బ్యాలెన్స్ చేసుకోవాలి. రెక్క మోసే స్థితికీ ఇంజను మోసే స్థితికీ మధ్య కొన్ని సెకన్లు ఉంటాయి, అప్పుడు ఎవరు ఎంత మోస్తున్నారో పైలట్ చేతికి తెలియాలి. మన సీ హారియర్ల 17 ప్రమాదాల్లో ఏడుగురు పైలట్లు పోయారు. అన్నిటికీ కారణం ఇదేనని అనను, కానీ నడపడానికి అది కష్టమైన యంత్రం అన్నది మాత్రం నిజం.

దాని వారసుడు ఎఫ్-35బి మనవాళ్ళకి బాగా పరిచయమే. 2025 జూన్ 14న ఓ బ్రిటిష్ ఎఫ్-35బి తిరువనంతపురంలో అత్యవసరంగా దిగి, రిపేరొచ్చి జూలై 22 దాకా అక్కడే ఉండిపోయింది. కేరళ టూరిజం వాళ్ళు కూడా దానిమీద జోకులేశారు. ఆ యంత్రంలో పైలట్ వెనకాల నిలువుగా ఓ పెద్ద ఫ్యాన్ ఉంటుంది. పని దిగేటప్పుడూ లేచేటప్పుడే. మిగతా ప్రయాణమంతా అది వట్టి బరువు. పనులు విడగొడితే ఒక్కోసారి పడే పన్ను ఇది.

ఇక వి-22 ఆస్‌ప్రే. రెక్కల కొసల్లో ఉన్న రెండు పెద్ద రోటర్లు పైకి తిరిగితే హెలికాప్టర్, ముందుకి వంగితే విమానం. 1989లో మొదటిసారి ఎగిరింది, 2007లో సర్వీసులోకి వచ్చింది. 2000 ఏప్రిల్ 8న ఆరిజోనాలోని మరానాలో ఒకటి దిగుతూ కూలి 19 మంది మెరైన్లు చనిపోయారు. ముందుకి వేగం తక్కువగా ఉండి, మరీ తొందరగా కిందికి దిగితే రోటర్ తాను తోసిన గాలిలోనే ఇరుక్కుని లిఫ్ట్ పోగొట్టుకుంటుంది. మామూలు హెలికాప్టర్ అయితే మొత్తంగా కిందికి జారుతుంది. ఆస్‌ప్రేకి రోటర్లు పక్కపక్కన ఉన్నాయి కాబట్టి ఒకటి లిఫ్ట్ కోల్పోగానే తిరగబడింది. ఈ జబ్బు హెలికాప్టర్ నుంచి వారసత్వంగా వచ్చింది, కానీ పక్కపక్కన రోటర్లు ఉండటం వల్ల దాని ఫలితం వేరైంది. డైమండ్ ప్రాబ్లం అంటే గుర్తొచ్చిందా? 2023 నవంబర్ 29న జపాన్ దగ్గర ఇంకో ఆస్‌ప్రే గేర్‌బాక్స్ పాడై సముద్రంలో కూలి 8 మంది పోయారు. మూడు నెలలపాటు అన్నిటినీ నేల మీదే ఉంచేశారు.

పేరులో ఏముంది?

ఇదంతా పాత కథ, ఇప్పుడీ వర్గీకరణతో పనేముంది అంటారా? ఉంది. బ్యాటరీలతో నడిచే ఎయిర్ టాక్సీలు తయారుచేస్తున్న కంపెనీలకి 2022లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఓ షాకిచ్చింది. అప్పటిదాకా చిన్న విమానాల రూల్స్ కింద సర్టిఫై చేద్దామనుకుని, ఇవి విమానాలూ కావు హెలికాప్టర్లూ కావు, 'పవర్డ్ లిఫ్ట్' అనే వేరే తరగతి అని తేల్చింది. వాటి పైలట్లకీ నడకకీ పూర్తి రూల్స్ 2024 అక్టోబర్‌లో వచ్చాయి.

తేడా ఎక్కడ పడుతుందో ఒక్క ఉదాహరణ. అమెరికా రూల్స్ ప్రకారం పగటిపూట కంటిచూపుతో ఎగిరేటప్పుడు విమానం దగ్గర గమ్యం చేరాక ఇంకో 30 నిమిషాలకి సరిపడా ఇంధనం మిగలాలి. హెలికాప్టర్‌కి 20 నిమిషాలు చాలు, ఎందుకంటే అది ఎక్కడైనా దిగగలదు. పెట్రోలుకి పది నిమిషాలు పెద్ద లెక్క కాదు. బ్యాటరీకి ఆ పది నిమిషాలే వ్యాపారం. దారి పొడవునా నిలువుగా దిగగలిగితే 20 నిమిషాల లెక్క వాడుకోవచ్చని చివరికి ఒప్పుకున్నారు. అంటే 'నిన్ను ఎత్తేదెవరు' అన్న ప్రశ్నకి ఇచ్చే జవాబు మీదే ఓ కంపెనీ ఎంతదూరం ఎగరొచ్చో తేలుతోందన్నమాట.

ఈ ఎయిర్ టాక్సీల్లో ఓ రకాన్ని 'లిఫ్ట్ ప్లస్ క్రూజ్' అంటారు. లేవడానికి విడిగా రోటర్లు, పోవడానికి విడిగా ప్రొపెల్లర్, మోయడానికి రెక్క. చాలా ఆధునికంగా ఉంది కదా? 1843లో ఒకాయన ఇలాంటిదే గీసి ఓ పత్రికలో వేయించాడు. నాలుగు గుండ్రటి రోటర్లతో లేస్తుంది. పైకెళ్ళాక అవి మూసుకుపోయి రెక్కలుగా మారతాయి. వెనక రెండు ప్రొపెల్లర్లు తోస్తాయి. ఆయన పేరు జార్జ్ కేలీ! ఎత్తడాన్ని తోయడాన్ని విడగొట్టిన మనిషే, 44 ఏళ్ళ తర్వాత వాటిని ఒకే యంత్రంలో ఎలా కలపాలా అని కూచుని ఆలోచించాడు. మనం ఇంకా ఆయన టిక్కెట్లే క్లోజ్ చేస్తున్నాం.

నాకు ఈ చరిత్రలో కనిపించే నీతి ఇది. పనులు విడగొట్టడం వల్ల విమానం పుట్టింది. కలపడం తప్పని కాదు, హెలికాప్టర్ లేకపోతే వరదల్లో ఇళ్ళ కప్పుల మీద చిక్కుకున్నవాళ్ళని తెచ్చేదెవరు? కానీ కలిపినప్పుడు అసలు ప్రమాదం రెండు స్థితుల్లో ఏదో ఒకదాంట్లో కాదు, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే ఆ కొద్ది క్షణాల్లోనే ఎక్కువగా ఉంటుంది. ఎత్తేవాడు చేతులు మారే చోట. ప్రొడక్షన్‌లో రెండు సిస్టమ్‌ల మధ్య హ్యాండాఫ్ రాసినవాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈసారి పెళ్ళిలో నెత్తిమీద డ్రోను రొదపెడుతుంటే ఫోటోకి పోజిస్తూనే ఆ రెండు ప్రశ్నలూ వేసుకోండి. ఎత్తేదెవరు? నాలుగు రోటర్లు. తోసేదెవరు? అవే నాలుగు రోటర్లు. అందుకే దాని బ్యాటరీ భోజనాల దాకా కూడా ఆగదు. అదే మేడమీద గిరికీలు కొడుతున్న గద్దని చూడండి, వేడిగాలి ఎత్తుతుంటే రెక్క కదపకుండా ఎంతసేపైనా ఉంటుంది.

ఇంతకీ మొదటి సమస్య అలాగే ఉండిపోయింది. బెలూన్ నుంచి ఆస్‌ప్రే దాకా అన్నిటికీ సరిపోయే ఎయిర్‌క్రాఫ్ట్ అన్న మాటకి తెలుగులో ఏమనాలి? 'వాయుయానం' పుస్తకాల్లో బాగుంటుంది గానీ నోరు తిరగదు. 'ఎగురుడుబండి' అంటే మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. మీకేమైనా మంచి మాట తోస్తే చెప్పండి. మీరు తోస్తే ఎత్తుకునే బాధ్యత నాది :)